సగం టికెట్

జూలై. మెర్సెదెస్ ఊరిని మూడు రోజులుగా ముసురు వదల్లేదు.
ముసురు పట్టిందంటే ఇక్కడ ఏ ఇంట్లోనైనా
పిండి పిసికి, మధ్యలో వేలితో చిల్లి పెట్టి
కొవ్వులో వేయించాల్సిందే.
మా ఇంట్లో అదనంగా
బీరువా మీంచి సినిమా ప్రశ్నల పెట్టె దిగుతుంది.

మూలలకి గోధుమరంగు టేపు.
పసుపు పావు ఏనాడో పోయింది,
దాని బదులు నాన్న చొక్కా బొత్తాం నడుస్తోంది.
పాచిక ఓ మూల అరిగి ఎప్పుడూ నాలుగే పడుతుందని
వాషింగ్టన్ బాబాయి ఫిర్యాదు.
అవును, పేరు అదే. ఈ దేశంలో ఆ పేరు
ఏ మంగలికైనా ఉండొచ్చు.

మాతే బుర్ర ఒకటే, గొట్టం ఒకటే,
వేణ్ణీళ్లు పోసుకుంటూ చేతులు మారుతోంది.
బుర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లు జవాబు చెప్పకూడదని
పక్కింటి ఇల్దెఫోన్సో తీర్మానం.
ఓడిపోతున్నప్పుడల్లా ఆయనకో నిబంధన పుడుతుంది.

చీటీ తీసి చదివాను:
చివర్లో రైలు దిగని ఆ స్త్రీగా నటించింది ఎవరు?
ఫకుందో చెయ్యి ఫోను వైపు పాకింది,
వాళ్లమ్మ చెయ్యి దాని మీద పడింది.
నేలిదత్త పొయ్యి దగ్గర్నుంచే అంది:
"పేరు తెలీదు.
ఆ సినిమా ఆడినన్నాళ్లూ జనం బయటికొచ్చి
వానలో గొడుగు విప్పడం మరిచిపోయేవాళ్లు."
"చెల్లదు," అన్నాడు ఇల్దెఫోన్సో.
బొత్తాం కదల్లేదు.

ఇంకోటి. హంతకుడెవరు?
"ఏమో. ఆ వారం మాత్రం
చూసినవాళ్లని పక్క తలుపులోంచి పంపేవాళ్లం,
వరసలో నిలబడ్డవాళ్లకి చెప్పేస్తారని."
చెల్లదు.

ఇంకోటి, ఏదో నవ్వుల సినిమా.
"పళ్ల డాక్టరు పెరేయ్రా నాలుగుసార్లు వచ్చాడు దానికి.
నాలుగుసార్లూ రెండేసి టికెట్లు,
నాలుగుసార్లూ ఒక్కడే."
"అప్పటికి ఆయన భార్య పోయిందా?" అంది అమ్మ.
"పోలేదు. వెళ్లిపోయింది."

ముప్పై ఒక్క ఏళ్లు టికెట్ల కిటికీలో కూర్చుంది నేలిదత్త
తెరకి వీపు పెట్టి.
గోడకి అవతల గుర్రాలు పరిగెత్తాయి, ఓడలు మునిగాయి,
ఇవతల ఆమె చిల్లర దొంతరలు పేర్చింది.
సినిమా అంటే ఆమెకి
వీపుకి తగిలే అదురు.
ఆ హాలు ఇప్పుడు పరుపుల కొట్టు.
అటు వెళ్తే ఆగి, రాతి అంచు మీద
నున్నగా అరిగిన రెండు గుంటలు చూపిస్తుంది:
"నా మోచేతులు."

చీకటి పడుతుండగా మా జట్టు ఆఖరి గడికి చేరింది.
నిమిషాల్లో ఈ చిత్రం నిడివి ఎంత?
ఇలాంటివి ఎవరికి తెలుస్తాయని బాబాయి విసుక్కున్నాడు.
"నూట పద్దెనిమిది."
చీటీ తిప్పాను. నూట పద్దెనిమిది.

"అప్పుడు మా అమ్మ ఆసుపత్రిలో ఉంది," అంది అత్త
పిండి చేతుల్ని ఏప్రన్‌కి తుడుచుకుంటూ.
"పోయి రావడానికి నలభై.
పక్కన కూర్చోడానికి డెబ్భై ఎనిమిది.
ఆట వదిలేలోగా మళ్లీ కిటికీలో ఉండాలిగా.
మంచి సినిమా. పొడుగ్గా ఉండేది."

ఇల్దెఫోన్సోకి ఏ నిబంధనా పుట్టలేదు.
మాతే బుర్ర ఆయన చేతిలోనే చల్లారింది.

చీటీ చూస్తానని అత్త తీసుకుంది,
చూస్తూ చూస్తూ నిలువునా చింపేసింది.
ఫకుందో లబోదిబోమన్నాడు.
ఆమెకి తెలియనే తెలియదు, వేళ్లకి అలవాటు;
సగం అప్పటికే
ఆటలో లేని ఐదేళ్ల మైతే చేతిలో ఉంది.

"ఎక్కడ కూర్చోవాలి?" అంది మైతే.
అత్త వంటిల్లంతా ఓసారి కలయజూసింది,
ఖాళీలు లెక్కపెడుతున్నట్టు.
"మూడో వరస. స్తంభం అడ్డురాని చోటు."
మైతే అట్ట మీంచి బొత్తాం తీసి ఇచ్చింది.
అత్త దాన్ని దీపానికి ఎత్తి చూసి, జేబులో వేసుకుంది.
"సరిపోయింది."

అలా గెలవాల్సిన పావు లేకుండా పోయింది.
కొవ్వు మాడిన వాసన వచ్చేదాకా
ఎవరమూ లేవలేదు.